బావగారి భాషకు మరదలు చేసిన సన్మానం

ఆవిడ బస్సుల కంపెనీలో ప్రోగ్రామరు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఏ డ్రైవరు ఎక్కడ దిగాలో కంప్యూటరుకు చెప్పడం ఆవిడ ఉద్యోగం. పని వచ్చిన మనిషే. పని కానివ్వని భాష ఒకటి మధ్యలో వచ్చిపడింది.

ఆ భాషను కన్నది స్వయానా అక్క మొగుడు. ఆఫీసులో పెద్దసారు, ఇంట్లో బావ. లోకంలోని ప్రోగ్రామింగు భాషలన్నీ మనుషులను సోమరులను చేస్తున్నాయని గ్రహించి, ఆయన సొంతంగా ఒకటి సృష్టించి 'క్రమశిక్షణ' అని నామకరణం చేశారు. అందులో రెండు అంకెలు కూడాలంటే ముందు రెండింటినీ పేరుపేరునా పరిచయం చేయాలి, కూడడానికి అనుమతి అడగాలి, కూడాక, అవి వచ్చిన వరుసకు ఎదురు వరుసలో వాటిని సాగనంపాలి. ఎక్కడ తేడా వచ్చినా తెర మీద ఒకటే మాట: 'ఆలోచించుకో.' దేని గురించో చెప్పదు. ఏం చేసినా నచ్చదు, ఎందుకు నచ్చలేదో చెప్పదు గనుక సిబ్బంది దాన్ని చాటుగా 'అత్తగారు' అనేవారు. సృష్టికర్త మాత్రం సృష్టి ముగిశాక అందులో ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.

ప్రతి సోమవారం హాల్లో ఒక తంతు. ఎవరి ప్రోగ్రాము ఆగిందో వాళ్లు లేచి, "తప్పు నాదే, భాషది కాదు" అని అందరి ముందూ చెప్పాలి. చిటికెలో అయ్యే పనికి వారం పట్టి, మరదలు దాదాపు ప్రతి సోమవారమూ లేచింది. ఆయన ఆ సంగతిని ఇంటికి మోసుకెళ్లి భోజనాల దగ్గర వడ్డించేవారు, మరదలు భోజనానికి వచ్చిన రోజైనా సరే.

"మీ చెల్లెలు మంచిదేగానీ, బుర్ర కాస్త మందం."

"పోన్లెండి, అందరికీ మీ తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అంది అక్క.

మరదలు ముద్ద మింగింది. పగ మాత్రం మింగలేదు. మూత పెట్టి సన్నసెగ మీద ఉంచింది. తప్పు భాషదేనని ఆయన నోటితో, అదే హాల్లో అనిపించాలి. అంతకు తక్కువ ఏదీ ఆవిడకు ఆనదు.

పెద్దసారికి తిట్లు తగలవు, పొగడ్త సూటిగా దిగుతుంది. ఆయనకూ పైనున్న డైరెక్టరమ్మ హాలుకు వచ్చిన సోమవారం మరదలు వినయంగా లేచింది.

"మేడమ్, చిన్న కోరిక. వాన పడిన రోజు తొమ్మిదో నంబరు బస్సును పది నిమిషాలు ఆలస్యంగా వదలాలి. అంతే పని. మా చేతుల్లో ఈ భాష నలిగిపోతోంది. కన్నతండ్రి చేతుల్లో ఎలా నడుస్తుందో కళ్లారా చూస్తే మా జన్మ తరిస్తుంది."

"దానికేం భాగ్యం!" అంటూ పెద్దసారు చొక్కా చేతులు మడిచారు.

ఆయన బస్సును పరిచయం చేశారు. వానను పరిచయం చేశారు. అనుమతి అడిగారు. 'ఆలోచించుకో' అంది తెర. ఆలోచించుకుని మళ్లీ అడిగారు. మళ్లీ అదే.

"వానను సాగనంపారా సార్?" అని మరదలు ఆదుర్దాగా అడిగింది.

"సాగనంపానమ్మా!"

"బస్సుకు ముందా, తర్వాతా?"

టీ వచ్చింది, చల్లారింది. డైరెక్టరమ్మ గడియారం చూడడం మాని, ఆయన మెడ మీది చెమట చూడసాగింది.

"ఆగినట్టేగా? ఇక్కడ లేచి ఏదో చెప్పే పద్ధతి ఉందట," అంది చివరికి.

తప్పు నాదంటే తన భాష తనకే రాదని ఒప్పుకోవాలి. భాషదంటే ఇన్ని సోమవారాలు వెనక్కి తీసుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన గొయ్యి ఎంచుకున్నారు.

"భాషలోనే... ఏదో ఉన్నట్టుంది."

"వెనక వరుసకు వినపడలేదు సార్," అంది మరదలు.

"తప్పు భాషదే!"

అన్నీ మామూలు భాషలోకి మార్చమని డైరెక్టరమ్మ అక్కడికక్కడే తేల్చేసింది. "ఈయన్ని వేరే ఆఫీసుకు పంపనా?"

"ఎంతమాట మేడమ్! పాత ప్రోగ్రాములు విప్పి మార్చాలంటే భాష తెలిసినవాళ్లు కావాలి. సార్‌కన్నా తెలిసినవాళ్లెవరు? మా గదిలోనే ఉంచండి."

మూడోనాటికి అక్క ఫోను చేసింది. "ఏమే, మీ బావకు అన్నం సయించడం లేదు. నిద్రలో కూడా బస్సుల్ని సాగనంపుతున్నారు. ఎన్నాళ్లే ఈ పని?"

"ఊళ్లో ఎన్ని బస్సులున్నాయో అన్నాళ్లక్కా."

"కాస్త కనికరించవే, నీ పుణ్యముంటుంది."

"చూస్తాలే," అని ఫోను పెట్టేసి, మర్నాడు బావ ముందు పెట్టాల్సిన ప్రోగ్రాముల్లో అన్నిటికన్నా పొడవైనదాన్ని వెతకడం మొదలుపెట్టింది.