నేను బతికించిన ఒకే ఒక్క పొద

ఒక అడవికి ఒక్క పూటలో గుండు కొట్టిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసుకోండి, నేనే. ఆ దెబ్బకి నా ఉద్యోగం కూడా ఊడిపోవలసింది.

అరవైల నాటి మాట. కోనసీమ నుంచి వచ్చి, ఆబిడ్స్‌లో ఓ మందుల కంపెనీలో కొత్తగా గుమాస్తాగా చేరాను. ఇంకా పర్మనెంటు కాలేదు. మా మేనేజరు నర్సింగరావు గారు తాతల నాటి హైదరాబాదీ. నాంపల్లి అవతల ఓ గుట్ట మీద ఆయన చిన్నప్పుడు అడవి ఉండేదట. దాన్ని మళ్లీ మొలిపించాలని ఆయన పంతం. ప్రతి ఆదివారం ఆఫీసంతా పారలు పట్టుకుని గుట్టెక్కవలసిందే. కడుపునొప్పని తప్పించుకునేవాళ్లూ ఉండేవారు. నాకు ఉద్యోగం పర్మనెంటు కావాలి కదండీ, అందరికంటే ముందు నేనే ఎక్కేవాణ్ణి.

వేసవి మొదట్లో ఆయన కాశీయాత్రకు వెళ్తూ నన్ను పిలిచారు.

"మూర్తీ, నేనొచ్చేదాంక గుట్ట నీ జిమ్మా. పనికిరాని కంప కొట్టెయ్. మొక్కలు పైలం!"

"బాధ్యత నాది, మొక్కల్ని జాగ్రత్తగా చూసుకుంటాను. మీరు నిశ్చింతగా వెళ్లి రండి సార్!"

ఆయన లేరని గుట్టవైపు ఇంకెవరూ రాలేదు. నేనొక్కణ్ణే వెళ్లి చూద్దును కదా, గుట్టంతా ఎండు పుల్లలు! మా ఊళ్లో కాలవగట్టున కర్ర పాతినా చిగురేస్తుంది. పచ్చగా లేనిదంటే పొయ్యిలోకే అని పెరిగినవాణ్ణి. అయ్యో, పెద్దాయన చెట్లన్నీ చచ్చిపోయాయే అని నిజంగానే బాధపడ్డాను. ఆ బాధలో కత్తి తీసి అన్నిటినీ మొదలుకంటా నరికేశాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? ఓ మూల ఒకే ఒక్క పొద పచ్చగా, రంగురంగుల పూలతో కనిపించింది. నరికిన కట్టెలతోనే దాని చుట్టూ కంచె కట్టి, రోజూ ఆఫీసయ్యాక బిందెతో నీళ్లు మోశాను.

మేనేజరు గారు కాశీ నుంచి దిగీ దిగగానే హెడ్ క్లర్కు యాదగిరిని వెంటబెట్టుకుని గుట్టకొచ్చారు.

"ఏంది మూర్తీ, గుట్ట గిట్లున్నది? మొక్కలేవి?"

"అన్నీ ఎండిపోయాయి సార్, కొట్టేశాను. దీన్ని మాత్రం ప్రాణం పెట్టి బతికించాను!"

యాదగిరి కంచెలోకి తొంగిచూసి నెత్తి కొట్టుకున్నాడు. "వామ్మో! గిది లంటానా కంప సార్! మూర్తి రాకముందు నిరుడంతా మనం పీకింది గిదే!"

మేనేజరు గారు బండ మీద కూలబడ్డారు. "మోదుగచెట్లు ఎండకాలంల ఆకు రాలుస్తయయ్యా! నేను పెట్టిన చెట్లు కొట్టి, నేను పీకిన కంపకు కంచె గట్టినవా?"

"ఔ సార్," అన్నాను. అప్పటికి నాకొచ్చిన హైదరాబాదు భాష ఆ ఒక్క ముక్కే.

"వానల దాంక జూస్తా. మొదళ్లు చిగురేసినయా, నువ్వు పర్మనెంట్. లేకుంటే మీ ఊరి టికెట్ నేనే కొనిస్తా."

ఇక చూడాలి నా అవస్థ! పొద్దున లేస్తే మబ్బుల కోసం వెతుకులాట, సాయంత్రమైతే మొదళ్ల దగ్గర కాపలా. బస్సులో ఎవరైనా "ఈసారి వానలు ఆలస్యమట" అంటే వాళ్ల మీద పడి కొట్టాలనిపించేది. చివరికి వానలు పడ్డాయి. ఆ ఆదివారం అందరినీ ముందు పంపి, నేను గుట్ట కిందే నిలబడిపోయాను.

"మూర్తీ, ఉరికి రా!" పైనుంచి యాదగిరి కేక.

ఉరికాను. నరికిన మొదళ్ల చుట్టూ గుత్తులు గుత్తులుగా లేత చిగుళ్లు! ఒక్క కొమ్మున్న చోట నాలుగైదు లేచాయి. సిగ్గు విడిచి ఏడ్చేశాను. మేనేజరు గారు వంగి ఓ చిగురును వేలితో తాకారు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"పాపం, చెట్లే నిన్ను బచాయించినయ్. పర్మనెంట్ జేస్తా, ఫికర్ జెయ్యకు. జర గా కత్తి మాత్రం యాదగిరికియ్యి."

అందుచేత మహాజనులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆకు రాలినంత మాత్రాన ఇక జన్మలో దేన్నీ చచ్చిందనను. ఈ మాట మీద నిలబడే, ఈ వేసవంతా నా బట్టతలకు పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తున్నాను. వానలు పడేదాకా మా ఇంట్లో ఎవరూ నవ్వడానికి వీల్లేదు.