ఒడిలో మోసిన మన్ను

నువ్వు రష్యాలో డాక్టరీ చదువుతున్న ఆ పీటర్స్‌బర్గ్ సంగతులు గద్వాలలో కూర్చున్న నాకెలా తెలుసని నిన్న ఫోనులో అడిగావు గదా బిడ్డా. నా చిన్నప్పుడే, ఎనిమిదేళ్లు నిండకముందే, ఆ ఊరి గురించి విన్నాను. అప్పుడు దాని పేరు లెనిన్‌గ్రాడ్.

మా అమ్మ, నాయిన, అవ్వ నన్నూ వెంటబెట్టుకుని, కూలీలను పోగేసే గుంపు మేస్త్రితో వలసపోయి, దూరాన ఒక ప్రాజెక్టు దగ్గర మట్టిపని చేసేవాళ్లు. అక్కడి ఇంజనీరు సారు ఆ ఊళ్లో చదివి వచ్చినవాడు. ఒకరోజు బువ్వ వేళ చెప్పాడు. ఓడలకు రేవు కావాలని ఒక రాజు సముద్రం పక్క బురదలో ఆ ఊరు కట్టించి, తన పేరు కలిసొచ్చేలా మొదట పీటర్స్‌బర్గ్ అని పెట్టాడట. రాయి దొరకని నేల కాబట్టి, ఊళ్లోకొచ్చే ప్రతి బండీ రాళ్లు తేవాలట. తట్టలు చాలక కూలీలు అంగీ చెరగుల్లో మన్ను మోశారట. చలికీ రోగాలకూ వేలమంది పోయారట.

మా అవ్వ నమ్మలేదు. "తట్ట లేకుంట మట్టిపనా? ఎవలకు చెప్తవు సారూ" అని నవ్వింది.

మరునాడు మధ్యాహ్నం వాన దంచింది. పునాది గుంతలో మా నాయిన, ఇంకో ఐదుగురు ఉన్నారు. గుంతకూ వాగుకూ నడుమ ఒక్క మట్టికట్టే అడ్డం. అది కారడం మొదలైంది. నిచ్చెన బురదలో జారిపోయింది. మిగిలిన ఒక్క తాడు పట్టుకుని ఒక్కొక్కరే ఎక్కాలి. తట్టలన్నీ గుంతలోనే ఉండిపోయాయి.

"కట్ట ఆగదు, పక్కకు ఉరుకుండ్రి" అన్నాడు మేస్త్రి. మా అమ్మ కదలలేదు.

మా అవ్వ కొంగు దోపి ఒడి కట్టింది. "ఏం సూస్తుండ్రే, ఒడి పట్టుండ్రి. ఆ రష్యోళ్లు మొయ్యలేదా?"

నేనూ లంగా చెరగు ఎత్తి పట్టాను. తడిమన్ను బరువుకు నాడా తెగుతుందేమో అనిపించింది. కట్ట కారే చోట పోసిన మన్ను పోసినట్టే నీళ్లలో కరిగిపోతోంది. ఒకరు ఎక్కారు. ఇద్దరు. ఐదుగురు. అందరినీ పంపి మా నాయిన చివరికి మిగిలాడు. ఆయన తల పైకి కనబడేదాకా అవ్వ ఆగలేదు. ఆయన కాలు గట్టున పడ్డ కాసేపటికే కట్ట తెగింది.

సాయంత్రం అవ్వ సారు దగ్గరకు పోయి, నవ్వినందుకు ఏమనుకోవద్దంది. తర్వాత ఒక మాట అడిగింది. అది పుస్తకాల్లో రాయలేదన్నాడు సారు.

ఇప్పటికీ పెద్ద కట్టడం ఏది చూసినా నా చెయ్యి ఒడి మీదికి పోతుంది. నువ్వు పంపిన ఫోటోల్లోనూ మేడలకన్నా ముందు నదిగట్టు రాళ్లనే చూస్తాను. అవ్వ ఆనాడు సారును అడిగిన మాట ఇదీ బిడ్డా.

"ఊరికి రాజు పేరు పెట్టిండ్రు, బాగుంది. ఒడిల మన్ను మోసినోళ్లది ఏ ఊరు సారూ?"