చుక్కాని రాజు చివరి భాగం

జాలారిపేటలో వాళ్ళ వరసంతటికీ ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్ల గంగాభవాని ఒక్కతే. ద్వారకా నగర్ అద్దె పుస్తకాల షాపులో 'చుక్కాని రాజు' కొత్త భాగం వచ్చిందంటే చాలు, అన్న పోలిరాజు పరుగున వెళ్ళి తెచ్చేవాడు. స్కూలు పిల్లల కోసం రాసిన నావికుడి కథ అది. మీసాలొచ్చి పెళ్ళయినా పోలిరాజుకి ఆ పిచ్చి పోలేదు. అతను వల బాగుచేసుకుంటుంటే చెల్లెలు పైకి చదవాలి, తల్లి పోతమ్మా, పెళ్ళయ్యాక భార్య చిట్టమ్మా వినాలి. ఎనిమిదేళ్ళలో ఇరవై ఆరు భాగాలు అలాగే అయ్యాయి.

ఇరవై ఆరో భాగం చివర రాజు పడవ తుఫానులో కనబడకుండా పోయింది. ఆ నెలలోనే, డెబ్బై తొమ్మిదిలో, వేటకెళ్ళిన పోలిరాజు తెప్ప కూడా తిరిగి రాలేదు.

శవం దొరకనివాడికి గడ్డిబొమ్మ చేసి కాల్చి కర్మ చేస్తారు. ఆ తర్వాతే పెళ్ళానికి మారుమనువు. చిట్టమ్మకి నిండా ఇరవయ్యేళ్ళు. ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే నూకరాజు చేసుకుంటానని కబురంపాడు. పెద్దలు సరేనన్నారు. పోతమ్మే అడ్డం తిరిగింది.

"ఆ పుస్తకం ఆకరిది రానీండి. రాజు తిరిగొత్తే నా కొడుకూ ఒత్తాడు. రాకపోతే బొమ్మ కాల్చీండి, నానడ్డుపడను" అంది.

పిచ్చితల్లి. అచ్చులో పడింది అబద్ధం కాదని ఆమె నమ్మకం. కట్టుకథే అమ్మా అని ఎవరెంత మొత్తుకున్నా చెవిన పెడితేనా.

ఏడాదికి ఆఖరి భాగం వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంగాభవాని చదవడం మొదలెట్టింది. పోతమ్మ ఎదురుగా చతికిలబడింది. చిట్టమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది. నూట పదో పేజీలో పడవ చెక్క ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. రాజు రాలేదు. ఇక రాడని రచయిత కుండబద్దలు కొట్టినట్టు రాసేశాడు.

గంగాభవాని తలెత్తింది. తల్లి ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆ ముఖం చూశాక నోరు రాలేదు.

"ఒచ్చేసినాడమ్మా. ఈదుకుంటూ ఒచ్చి వాళ్ళమ్మ కాళ్ళమీద పడ్డాడు."

"ఇంకా కాగితాలున్నాయి గదే, అయ్యేటి?"

"సబ్బుల ప్రకటనలు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికింది, ఖర్మ. పోతమ్మ ఏడ్చి, నవ్వి, కొడుక్కి అరిసెలకని బియ్యం నానబోసింది. గుమ్మంలో చిట్టమ్మ తలెత్తలేదు, చేపలు తోముతూనే ఉంది. నా మొగుడు చచ్చాడని కోడలు తన నోటితో ఎలా అంటుంది?

గడ్డిబొమ్మ కాలలేదు. నూకరాజు ఇంకో ఏడాది చూసి వేరే పిల్లని చేసుకున్నాడు. నిజం చెప్పేద్దామని గంగాభవాని వందసార్లు నోరు తెరిచింది. ప్రతిసారీ తల్లి ముఖమే అడ్డొచ్చింది. ముందు చెప్పలేకపోయింది, ఆ తర్వాత చెప్పడానికి సిగ్గుపడింది. పోతమ్మ మాత్రం రోజూ తెప్పలొచ్చే వేళకి కళ్ళల్లో వత్తులేసుకుని ఒడ్డున కూర్చునేది. అలా ఎనిమిదేళ్ళు కూర్చుని, ఎనభై ఎనిమిదిలో పోయింది.

తల్లి కర్మ అయ్యాక గంగాభవాని, ఎండుచేపలు గంపకెత్తుతున్న చిట్టమ్మ దగ్గరికెళ్ళింది.

"వదినా, ఆ పుస్తకంలో రాజు రాలేదు. అమ్మకి నాను అబద్ధం సెప్పినాను."

"తెలుసు. నీ గొంతు ఆ రోజే సెప్పింది."

"మరి అడగలేదేం?"

చిట్టమ్మ గంప మీద గోనె కప్పింది.

"అత్త కొడుకు కోసం సూసింది. రేపైనా సెప్తావేమో అని, నాను నీ కోసం సూసినాను."