వదిన అడిగిన ఒక్క మాట

మా ఆయన వకీలు. ఇంట్లో ఉప్పు అందించమన్నా గుసగుసలాడే మనిషి, వాళ్ళక్కతో మాత్రం వీధంతా వినబడేలా మాట్లాడతాడు. మా వదిన బట్టల మిల్లులో మగ్గాల హోరుకు చెవులు పోగొట్టుకుంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. ఈయన చదువంతా ఆవిడ కష్టం మీదే సాగింది.

మిల్లు మీద ఈయన వేసిన మొదటి కేసు వదినదే. మిల్లు డాక్టరు ఆవిడ వెనక నిలబడి ఇనప పళ్ళెం కింద పడేశాడు. వదిన తిరిగి చూసింది. ఇంకేం, చెవుడు నటిస్తోందని కోర్టులో చెప్పాడు. నేల అదిరితే కాళ్ళకు తెలుస్తుందని వదిన ఎంత మొత్తుకున్నా జడ్జి నమ్మలేదు. కేసు పోయింది. అబద్ధాలకోరు అన్న మాట మాత్రం ఆవిడలో ముల్లులా ఉండిపోయింది.

తర్వాత ఈయన మిల్లు కూలీల కేసులు ఒక్కొక్కటే పట్టాడు, ఒక్కొక్కటే పోగొట్టాడు. ఒకరిది పుట్టుచెవుడన్నారు, ఇంకొకరిది వయసన్నారు. మనిషిని ఒంటరిని చేసి దబాయించడం మిల్లుకు వెన్నతో పెట్టిన విద్య. ఈయనకు బుద్ధొచ్చేసరికి జుట్టు నెరిసింది.

"అందరికీ కలిపి ఒకే కేసు వేస్తా. ఇంతమందీ నటిస్తున్నారని ఎలా అంటారో చూద్దాం" అన్నాడు. ఓడిన కేసు మీద అప్పటినుంచీ నానుతున్న వదిన అప్పీలును కూడా అందులోనే కలిపాడు.

వదిన గుమ్మం గుమ్మం తిరిగి జనాన్ని పోగుచేసింది. "నాకు డబ్బొద్దురా తమ్ముడూ. నేను నటించలేదని కోర్టు చేత అనిపించు, చాలు" అంది. ఈయన తలూపాడు. ఆవిడ దాన్నే మాట ఇవ్వడం అనుకుంది.

ఏళ్ళు గడిచాక మిల్లు రాజీకి దిగింది. అందరికీ డబ్బిస్తుందట, తప్పు మాత్రం ఒప్పుకోదట, ఎవరి చెవుల గురించీ కోర్టు ఒక్క ముక్క అనకూడదట. మందులకు కూడా దిక్కులేనివాళ్ళు సరేనన్నారు. వాళ్ళనేం అంటాం? అందరి తరఫునా ఈయన సంతకం పెట్టాడు. పెట్టక తప్పదు, నిజమే. అక్కకు ముందుగా చెప్పకపోవడం మాత్రం పిరికితనం, దాన్ని నేను క్షమించను.

ఆ సాయంత్రం వదిన కుర్చీ లాక్కుని ఈయనకు ఎదురుగా కూర్చుంది.

"గెలిచాం అక్కా. అందరికీ డబ్బొస్తుంది."

"నా సంగతి ఏమన్నారు?"

"అందరితో పాటే అక్కా, నీకూ..."

"డబ్బు కాదురా. నేను నటించలేదని అన్నారా?"

ఈయన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వదిన ఆ చేతినే చూసింది. తర్వాత కుర్చీ గోడవైపు తిప్పుకుంది.

అక్కా అక్కా అని వీధంతా వినబడేలా పిలిచాడు. చివరికి కాలితో నేలను గట్టిగా తన్నాడు. గుమ్మంలో ఉన్న నా కాళ్ళకు కూడా అదురు తెలిసింది. వదిన తిరగలేదు.