పేరు పడని మడత

మా మేనత్త పదిహేను రోజుల కిందట మహబూబ్‌నగర్ దవాఖానలో కన్నుమూసింది. గద్వాలలో ఒక చీరల దుకాణంలో ముప్పై ఏళ్లు చీరలు మడిచిన మనిషి. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకండి. కోపంతో రాస్తున్నాను.

వచ్చినవాళ్లు యాభై చీరలు విప్పించి, ఏదీ నచ్చలేదని లేచిపోతే, ఆ కుప్పనంతా మళ్లీ మడిచి పెట్టడం ఆమె పని. వాళ్ల ఎదుట ముఖం చిట్లించేది కాదు. వాళ్లు మెట్లు దిగాక మాత్రం, "కొననీకె రాలే, చల్లగాలికొచ్చిన్రు" అని సన్నగా తిట్టేది. ఇంట్లో తన రెండు పట్టుచీరలను నెలకోసారి తీసి మడత మార్చి పెట్టేది. ఎన్నాళ్లూ ఒకే గీత మీద ఉంటే జరీ విరుగుతుందట.

నేను నల్గొండలో ఇంజనీరింగ్ చదువుతూ ఒక రోబో చేశాను. పలచటి ప్లాస్టిక్ షీటును మడతల మీద మడతలు పెట్టి చేసిన పురుగు అది. లోపలి చిన్న మోటారు దారం లాగితే ముడుచుకుంటుంది, వదిలితే సాగుతుంది, అలా పాకుతుంది. బోరు పైపులోకి దూరి మోటారు ఎక్కడ ఇరుక్కుందో చూసి రావాలని నా ఆశ. కానీ నాలుగడుగులకే మూలల్లో చిరిగేది. మూడు నెలలు తల బద్దలు కొట్టుకుని, సెలవుల్లో తీసుకెళ్లి అత్త ముందు పెట్టాను. వేలితో తడిమి నవ్వింది.

"మడతలు కలిసే కాడనే పలుగుతది బిడ్డా. ఆడ బట్టే లేకుంటే పలిగేదేముంది? జర బొక్క కొట్టు."

ప్రతి మూలలో చిన్న చిల్లు పెట్టాను. పురుగు గడప నుంచి వంటింటి దాకా పాకింది. "ఓయమ్మ, పోతాంది సూడు!" అంటూ అత్త దాని వెనకే వంగి నడిచింది.

దాని మీద వ్యాసం రాసి, నా పేరు పక్కన ఆమె పేరు పెట్టాను. మా గైడు సారు చూసి, "చీరలు మడిచే ఆమె పేరా? నవ్వుతరు. తీసెయ్" అన్నాడు. నాకు మార్కులు కావాలి. తీసేశాను. అచ్చయ్యాక చూస్తే మొదటి పేరు ఆయనది. చిల్లుల ఆలోచన కూడా ఆయనదేనట!

సిగ్గులేకుండా ఆ కాపీ అత్తకు చూపించాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. తన పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో, వ్యాసంలో పెట్టానని నేను చెప్పినప్పుడే దుకాణంలో చీటీ మీద రాయించుకుని ఉంచుకుంది. ఆ చీటీ పక్కన పెట్టుకుని వరుసగా వెతికింది.

"నా పేరేది బిడ్డా?"

"సారు తీసెయ్యమన్నడత్తా."

"తీసిందెవరు?"

ఆ పూట అన్నం పెట్టింది కానీ నా పక్కన కూర్చోలేదు.

దవాఖానలో పడుకుని కూడా పురుగు సంగతి అడిగింది. సారు మందపాటి షీటుతో పెద్దది చేస్తున్నాడని, చిల్లులు పెట్టినా చీలుతోందని చెప్పాను. మందుల చీటీ తీసుకుని మడిచి చూపించింది.

"గిది తెల్వక గంత తిప్పలా? పేరు రాస్తెనే చెప్పు. ఊకె చెప్పకు."

ఆమె పోయిన మూడో రోజున సారు ఫోను చేశాడు.

"వచ్చే వారం అందరి ముందు నడిపియ్యాలె. పెద్దది పలుగుతుంది. మీ అత్తనోసారి అడిగి చెప్పమ్మా."

"అత్త పోయింది సార్."

"అయ్యో. నీకేమన్న చెప్పిందా?"

"చెప్పింది. ఆమె పేరు వేయండి, చెప్తాను."

"పోయినామెకు పేరెందుకమ్మా ఇప్పుడు?"

ఫోను పెట్టేశాను. ఆమె పేరు ముందు ఆ వ్యాసంలో పడాలి, ఆయన పేరుకు పైన. అప్పటిదాకా నేను ఇంకెక్కడా రాయను. ఆ మడత ఎలాంటిదో కూడా ఇక్కడ చెప్పను. ఆయన ఇది చదువుతాడని నాకు తెలుసు.

నిన్న కాలేజీలో ఆ ప్రదర్శన జరిగింది. స్నేహితురాలు వీడియో పంపింది. పురుగు ఐదడుగులు పాకి, నడుము దగ్గర పర్రుమని చీలింది. సారు కోటుతోనే నేల మీద మోకాళ్లూని, విడిపోతున్న రెండు అంచులను చేతులతో కలిపి పట్టుకున్నాడు. లోపల మోటారు దారం లాగుతూనే ఉంది. పొద్దుటి నుంచి పద్నాలుగుసార్లు చూశాను.