భోజనానికి నల్లకోటు

నాన్న పోయి ఏడాది తిరగకముందే నేను ఓడ ఎక్కవలసి వచ్చింది. యుద్ధం ముగిసి కొంతకాలమే అయింది. లండన్‌లో పై చదువుకు స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ సంవత్సరం వెళ్ళకపోతే అది ఇంకొకరికి పోతుంది. నెలనెలా మాసికాలు పెట్టడానికి అన్నయ్య ఉన్నాడు కనుక నేను వెళ్ళవచ్చునని పురోహితుడు అన్నాడు. అమ్మ కూడా కాదనలేదు. ఒక్కటే అడిగింది.

"సంవత్సరీకం అయ్యేదాకా ఒంటిమీద కొత్తబట్ట వేసుకోమాకు. అక్కడ ఎవరు చూస్తార్లే అని వేసుకోమాకు. నాకు తెలియదనుకో, నీకు తెలుస్తుంది గదా."

సరేనన్నాను. అదేమంత కష్టమైన మాటగా అప్పుడు తోచలేదు. చొక్కాలున్నాయి. కాలేజీ రోజుల్లో కుట్టించుకున్న గోధుమరంగు ఊలు కోటు ఉంది. అవి చాలుననుకున్నాను.

చాలవని చెప్పింది గుంటూరులో ఒక డాక్టరుగారు. ఆయన పాతికేళ్ళ కిందట ఇంగ్లండులో చదివి వచ్చినవారు. ప్రయాణం గురించి నాలుగు మాటలు తెలుసుకుందామని వెళ్తే, సముద్రం గురించీ లండన్ గురించీ ఏమీ చెప్పలేదు. బట్టల గురించే చెప్పారు.

"ఓడలో పగలు నీ ఇష్టం. రాత్రి భోజనానికి మాత్రం నల్లకోటు ఉండాలి. లేకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. నా కళ్ళముందే ఒక బెంగాలీ కుర్రాణ్ణి ఆపారయ్యా. ప్లేటు కేబిన్‌కి పంపించారు. ప్రయాణమంతా పాపం గోడవంక చూస్తూ తిన్నాడు."

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆ బెంగాలీ కుర్రవాడే కళ్ళముందు మెదిలాడు. తిండి గురించి నాకు బెంగ లేదు. అందరూ చూస్తుండగా గుమ్మంలో ఆగిపోవడం, అదీ నా బెంగ. కొత్తకోటు కుట్టించడం పెద్ద పని కాదు, అన్నయ్య అప్పుడే గుడ్డ కొంటానన్నాడు. కానీ కుట్టిస్తే అమ్మకిచ్చిన మాట పోతుంది. కుట్టించకపోతే ఓడలో ఉన్న మూడు వారాలూ నేను గుమ్మానికి బయట.

అమ్మతో చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"అన్నానికి నల్లకోటా? వాళ్ళకెవరు పోయార్రా?"

ఆమె వేళాకోళానికి అనలేదు. మా ఊళ్ళో మిషన్ ఆసుపత్రి దొరసాని, తమ్ముడు పోయాడని తెలిసినప్పుడు చానాళ్ళు నల్లగౌను తొడుక్కుంది. తెల్లవాళ్ళ మైల రంగు నలుపని అమ్మకు అలా తెలుసు. రోజూ రాత్రి అన్నం దగ్గర మైల రంగు తొడుక్కునే మనుషులు ఆమెకు అంతుపట్టలేదు.

"ఎవరూ పోలేదమ్మా. అది వాళ్ళ మర్యాద."

"ఏం మర్యాదరా? అన్నం దగ్గర చొక్కా విప్పాలి గానీ, ఇంకోటి తొడుక్కుంటారా?" చేట మళ్ళీ అందుకుని, "మీ నాన్న కోటు నల్లదే, పాతదే. ఉందిగా," అంది. వెంటనే మళ్ళీ తనే, "ఎక్కడుంది, ఇచ్చేశానుగా," అంది.

నాన్న నరసరావుపేట కోర్టులో ప్లీడరు. ఆయన పోయాక జరిగిన సంతాపసభలో ఒకాయన ఆయన్ని మేరుపర్వతమన్నాడు. ఇంకొకాయన న్యాయదేవతకు కంటివెలుగన్నాడు. ముందు వరుసలో కూర్చుని విన్నాను. వాళ్ళు చెబుతున్నది ఎవరి గురించో నాకు అర్థం కాలేదు. నాకు తెలిసిన మనిషి సాయంత్రం కోర్టు నుంచి వచ్చి, చెప్పులైనా విడవకముందే, కోటు మెడ దగ్గరి గుండీ తీసి "అమ్మయ్య" అనేవారు. ఆ మాట వినపడ్డాకే ఇంట్లో మేము గొంతు పెంచేవాళ్ళం. కేసు గెలిచిన రోజూ ఓడిన రోజూ ఆ మాట ఒకేలా ఉండేది. తర్వాత కోటు విప్పి, చొక్కా విప్పి, పంచె కట్టుకుని అన్నానికి కూర్చునేవారు.

పెద్దకర్మ అయిన మరునాడు అమ్మ ఆ కోటును నాన్న దగ్గర పనిచేసిన గుమాస్తాగారికి ఇచ్చింది. కోర్టు కోటు కోర్టులోనే తిరగాలని ఆమె ఉద్దేశం. ఇచ్చినదాన్ని అడగడానికి ఆమెకు నోరు రాదు. నేనే వెళ్ళాను.

కోర్టు వెనక వీధిలో ఆయన ఇల్లు. నేను వెళ్ళేసరికి కోర్టుకు బయలుదేరుతున్నాడు. కోటు ఒంటిమీదే ఉంది.

"ఏంది చిన్నబాబూ, పొద్దున్నే?"

"కోటు..." అన్నాను.

ఆయన కంగారుగా భుజాలు చూసుకున్నాడు. "ఏమైంది? చిరిగిందా?"

చెప్పక తప్పలేదు. ఓడ సంగతి, డాక్టరుగారి మాట, అమ్మ మాట అన్నీ చెప్పాను. లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినపడింది.

"ఓడలో అన్నం తినటానికి కోర్టు కోటెందుకంట? అన్నం మీద దావా వేస్తారా?"

"నువ్వుండవే," అన్నాడు గానీ ఆయనకూ నవ్వు వచ్చింది. తర్వాత కోటు అంచు సవరించుకుంటూ నిలబడ్డాడు. "బాబూ, అయ్యగారున్నప్పుడు కూడా కోర్టు బంట్రోతు నన్ను పక్కకు జరగవయ్యా అనేవాడు. ఇది తొడుక్కుని పోయిన రోజున, ఇట్టా కూర్చోండి అన్నాడు. కొత్త జవానైతే దణ్ణం కూడా పెట్టాడు."

"అయితే వద్దులెండి."

"వద్దులెండి ఏంది? అయ్యగారి కోటు అయ్యగారి కొడుక్కి వద్దా?" అంటూ గుండీలు తీశాడు. కింది నుంచి మొదలుపెట్టాడు. మెడ గుండీ చివర తీశాడు. నాన్న మొదట తీసేది అదే.

చదువు ముగించి రాగానే తిరిగి ఇచ్చేస్తానని చెప్పి, అప్పటిదాకా తొడుక్కోమని వెంట తెచ్చిన నా గోధుమరంగు కోటు ఆయనకిచ్చాను. ఆయన నాకంటే లావు. దాన్ని తొడుక్కుని రెండు చేతులూ ముందుకు చాపి చూశాడు.

"ఇందులో చేతులు కట్టుకోవాలంటే జడ్జీగారి ఆర్డరు కావాల," అన్నాడు. అలాగే కోర్టుకు వెళ్ళాడు.

నాన్న కోటు నాకు వదులు. బజారులో మా బట్టలు కుట్టే సాయిబు దానిని బల్లమీద పరిచి పెదవి విరిచాడు.

"చిన్నబాబూ, దొరలు రాత్రిపూట వేసే కోటు ఇట్టా ఉండదు. నేను గుంటూరు క్లబ్బు దగ్గర చూశా. ముందు తెరిచి ఉండాల, కాలరు నిగనిగలాడాల. నల్ల సాటిను వేస్తా. దొరే లేచి నీకు కుర్చీ ఇస్తాడు."

"సాటిను కొత్తదేనా?"

"కొత్తది కాక, పాత సాటిను ఏడ దొరుకుద్ది?"

ఇంటికి వెళ్ళి అమ్మను అడిగాను.

"సాటినంటే గుడ్డేగా?"

"గుడ్డే."

"వద్దు."

"మరి దారం? అదీ కొత్తదేగా?"

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "దారం లేకుండా ఎట్టా కుడతాడు? దారం పరవాలేదు. గుడ్డ మాత్రం వద్దు."

ఆ తీర్పు వెళ్ళి చెబితే సాయిబు పకపకా నవ్వాడు. "ప్లీడరుగారి ఇల్లాలు అనిపించుకుంది అమ్మగారు. సరే, మెడదాకా మూసిన కోటు మూసినట్టే ఉంటది. గుడ్డ కోయకుండా లోపలికి మడిచి భుజాలు తగ్గిస్తా, నడుం తగ్గిస్తా, మెడ బిగిస్తా. ఓడలో ఎవరన్నా అడిగితే పల్నాడులో ఇదే ఫ్యాషనని చెప్పు."

మెడ బాగానే బిగించాడు. తొడుక్కుని గుండీ పెడితే మింగుడు పడటం కష్టంగా ఉండేది. మళ్ళీ సరిచేయించుకునే వ్యవధి లేదు.

బొంబాయిలో మధ్యాహ్నం ఓడ కదిలింది. సాయంత్రం దాకా అమ్మ కట్టిచ్చిన అరిసెలు తింటూ కేబిన్‌లోనే ఉన్నాను. భోజనం గంట మోగింది. కోటు తొడుక్కుని, అన్ని గుండీలూ పెట్టుకుని బయటికి వచ్చాను. ఇరుకు నడవాలో జనం ముందు నడుస్తున్నారు. నేను వెనకబడ్డాను. తెరిచిన కోటు కాదిది, నిగనిగలాడే కాలరు లేదు. ఎవరైనా ఆపితే వెనక్కి తిరిగి వెళ్ళిపోవడానికి దారి ఖాళీగా ఉండాలని నా ఆలోచన. నా ముందు వెళ్తున్నవాళ్ళు ఏం వేసుకున్నారో కూడా చూడలేదు.

గుమ్మం దగ్గర తెల్లదుస్తుల్లో ఓడ నౌకరు, ఒక గోవా మనిషి నిలబడి ఉన్నాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. చూపు మెడ దగ్గర ఆగింది. నేనూ ఆగిపోయాను. ఆయన తలవంచి అన్నాడు:

"గుడీవినింగ్, ఫాదర్."

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. కోటు నాన్నదని ఈయనకెలా తెలిసిందని ఒక్క క్షణం అనుకున్నాను. అంత అసంభవమైన ఊహ నాకు సాధారణంగా రాదు. ఆయన అప్పటికే ముందు నడుస్తున్నాడు. ఒక బల్ల దగ్గర కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టాడు.

ఆ బల్ల దగ్గర కొందరు ఇంగ్లీషువాళ్ళు ఉన్నారు. నా పక్కన బూడిదరంగు స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడ. ఎదురుగా నడివయసు మనిషి. నేను కూర్చోగానే అందరూ తలలు వంచుకున్నారు. ఎవరూ చెంచా ముట్టలేదు. వాళ్ళు ఎవరికోసమో ఎదురుచూస్తున్నారనుకుని నేనూ ఎదురుచూశాను.

"మీరు చెబుతారా, ఫాదర్?" అంది పెద్దావిడ మెల్లగా.

అప్పటికి తెలిసింది. మా ఊరి మిషన్ పాదిరీల కోటు కూడా ఇలాగే నల్లగా, మెడదాకా మూసి ఉంటుంది. భోజనానికి ముందు ప్రార్థన నా నోట వినాలని వీళ్ళు కాచుకుని ఉన్నారు.

"క్షమించండి. నేను పాదిరీని కాను," అన్నాను. "ఇది మా నాన్నగారి కోటు. ఆయన ప్లీడరు."

ఎదుటి మనిషి తలెత్తాడు. "ప్లీడరా? అయితే దేవుడితో వాదించడం ఇంకా బాగా వస్తుంది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మీ నాన్నగారు కులాసాయేనా?" అని అడిగింది పెద్దావిడ.

"పోయారు. ఏడాది కాలేదు. ఏడాదిలోపల కొత్తబట్ట వేసుకోకూడదు, అందుకని ఇది."

ఎవరూ ఓదార్పు మాటలు పలకలేదు. అందుకు నాకు సంతోషమైంది. ఎదుటి మనిషి తన ముంజేతిని దీపం కిందికి చాపాడు. గళ్ళ కోటు, అంచులు రెండు మడతలు వేసి ఉన్నాయి. "ఇది మా తమ్ముడిది. వాడి చేతులు నాకంటే పొడుగు. బర్మాలో పోయాడు."

"ఈ స్వెట్టరు నాదే," అంది పెద్దావిడ, తానూ ఏదో ఒకటి చెప్పాలన్నట్టు. "ఊలు మాత్రం మా అబ్బాయి స్వెట్టరుది. విప్పి మళ్ళీ అల్లుకున్నాను."

ఆ ఊలును అమ్మ పాతబట్ట కింద జమ కట్టేదా, కొత్తబట్ట కిందా అని ఆలోచించాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. వాళ్ళకెవరు పోయార్రా అని అమ్మ అడిగిన మాటకు మాత్రం, నేను అడగకుండానే జవాబు దొరికింది.

అప్పుడు హాలంతా చూశాను. అతుకుల మోచేతులు, రంగు వెలిసిన గౌన్లు, సైన్యంలో ఇచ్చిన చొక్కాలు. నల్లకోటు నాదొక్కటే. డాక్టరుగారు చెప్పిన సంగతి అడిగితే ఎదుటి మనిషి తల అడ్డంగా ఊపాడు. ఆ కోట్లు యుద్ధంలో చిమ్మటల పాలయ్యాయట. ఇంగ్లండులో గుడ్డకు ఇంకా రేషను కూపన్లేనట. అయినా ఓడ ఎక్కిన మొదటి రాత్రి, పెట్టెలు విప్పి ఉండవు కనుక, యుద్ధానికి ముందు సైతం ఎవరూ అలా తయారయ్యేవారు కాదట. ఈ చివరి సంగతి డాక్టరుగారికి గుర్తున్నట్టు లేదు.

పెద్దావిడ తనే రెండు ముక్కల ప్రార్థన చదివింది. మాంసం వద్దన్నానని రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు, బఠాణీలు తెచ్చిపెట్టారు. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. మంచినీళ్ళు తాగాను. రెండోదీ అంతే.

"ఆ గుండీ తీసెయ్యండి," అంది ఆవిడ. "మింగలేకపోతున్నారు."

మెడ గుండీ తీశాను. నేను అనాలనుకోలేదు, నోటివెంట దానంతటదే వచ్చింది.

"అమ్మయ్య."

ఆవిడ చెంచా ఆపి నావంక చూసింది. "అది మీ ప్రార్థనా?"

ఆ మాటకు అర్థం చెప్పాలంటే చాలా చెప్పాలి. అవునన్నాను. ఆ రాత్రి పెట్టినదంతా తిన్నాను. నాన్న పోయాక ఆకలి తెలిసి తిన్నది బహుశా అదే మొదటిసారి.

మరుసటి సాయంత్రం పాత చొక్కాతోనే భోజనానికి వెళ్ళాను. కోటు మడిచి పెట్టె అడుగున పెట్టాను. అది గుమాస్తాగారికి తిరిగి ఇవ్వవలసిన వస్తువు, మరకలు పడకూడదు. గుమ్మం దగ్గర అదే గోవా మనిషి. నా మెడవంక చూశాడు, చొక్కా చూశాడు, ముఖం చూశాడు.

"గుడీవినింగ్, ఫాదర్," అన్నాడు.

నేనూ గుడీవినింగ్ చెప్పి లోపలికి వెళ్ళాను.