‘అవును’ ‘కాదు’గా మారిన సాయంత్రం

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది, జూన్ నెలలో, నన్ను హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి జగ్గయ్యపేట దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీకి బదిలీ చేశారు. హోదా సిస్టమ్స్ మేనేజరు. ఫ్యాక్టరీలో కంప్యూటర్ల మీద నడిచే ప్రతి రికార్డుకూ నాదే బాధ్యత. నందిగామలో ఇల్లు తీసుకుని, రోజూ చిల్లకల్లు దాకా బస్సులోనూ, అక్కడినుంచి కంపెనీ జీపులోనూ వెళ్లేదాన్ని. ఫ్యాక్టరీ పేరు ఇక్కడ రాయడం లేదు. భయపడి కాదు. ఇది ఏ ఫ్యాక్టరీలోనైనా జరగగలిగిన సంగతి కనక.

నేను వెళ్లేసరికి పని అనుమతులన్నీ కాగితాల మీద నడుస్తున్నాయి. నడుస్తున్న యంత్రం మీద ఫిట్టరు చెయ్యి వేయాలంటే ముందు పర్మిట్ రాయాలి. అందులో ‘కరెంటు ఆపాలా?’ అని ఒక ప్రశ్న ఉంటుంది. ఫిట్టరు అవును అంటే ఎలక్ట్రీషియన్ వెళ్లి, ఆ యంత్రం స్విచ్చి ఆపి, తాళం వేసి, తాళంచెవి తెచ్చి ఇవ్వాలి. ఆ తర్వాతే షిఫ్ట్ ఇన్‌చార్జి అనుమతి ఇవ్వాలి. ఈ పద్ధతినంతా కంప్యూటర్‌లోకి ఎక్కించడం నాకు అప్పగించిన మొదటి పని.

ఎక్కించేటప్పుడు ఎవరూ అడగని పని ఒకటి చేశాను. పర్మిట్ల పట్టికకు పక్కనే చరిత్ర పట్టిక అని మరొకటి పెట్టాను. పర్మిట్‌లో ఏ ఒక్క మాట మారినా, పాత మాట, కొత్త మాట, ఎవరి లాగిన్‌తో మారింది, ఏ కంప్యూటర్ నుంచి, ఎన్ని గంటలకు అన్నది దానంతట అదే అందులో ఒక వరుసగా పడుతుంది. మార్చినవాళ్లకు అది కనపడదు. తెర మీద ఎప్పుడూ చివరి మాటే ఉంటుంది. డిస్కు నిండిపోతుందనీ, ఎవరు చూస్తారనీ రివ్యూ మీటింగులో అన్నారు. ఎవరూ చూడనక్కర్లేదు, ఉంటే చాలు అని జవాబిచ్చాను.

ఏడాదిన్నర తర్వాత, ఒక మంగళవారం మధ్యాహ్నం రెండూ నలభైకి, సున్నపురాయి మోసే బెల్టు కింద రోలరు మారుస్తున్న కోటేశ్వరరావు అనే ఫిట్టరు కుడిచెయ్యి బెల్టులో పడింది. అతను పని చేస్తుండగానే కంట్రోల్ రూమ్ నుంచి బెల్టు స్టార్ట్ చేశారు. స్విచ్చికి తాళం లేదు. అతన్ని అంబులెన్సులో విజయవాడ తీసుకెళ్లారు. మూడు వేళ్లు పోయాయి.

శుక్రవారం సిబ్బంది వ్యవహారాల విభాగం వాళ్లు ఆ పర్మిట్ ప్రింటు అడిగారు. తీసిచ్చాను. ‘కరెంటు ఆపాలా?’ అన్నచోట ‘కాదు’ అని ఉంది. అంటే తాళం కావాలని ఫిట్టరే అడగలేదు, కనక తప్పు అతనిదే. సోమవారానికల్లా ఛార్జిషీటు తయారైంది. భద్రతా నియమాల ఉల్లంఘన, నిర్లక్ష్యం. రుజువైతే ఉద్యోగం పోతుంది.

ఛార్జిషీటు టైపవుతున్నప్పుడు ఆ ప్రింటు ఇంకో కాపీ నా బల్ల మీదే ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో ‘చివరి మార్పు’ అని ఒక పంక్తి వస్తుంది. దాన్ని అప్పుడు సరిగ్గా చూశాను. మంగళవారం సాయంత్రం నాలుగూ యాభై. ప్రమాదం జరిగిన రెండు గంటల తర్వాత ఆ పర్మిట్‌తో ఎవరికి పని?

చరిత్ర పట్టిక తెరిచాను. ఒక్కటే వరుస. పాత మాట: అవును. కొత్త మాట: కాదు. లాగిన్: కోటేశ్వరరావుది.

పర్మిట్ మూసేదాకా దాన్ని రాసినవాళ్లు దిద్దుకోవచ్చు, అది నేను పెట్టిన వీలే. కానీ నాలుగూ యాభైకి ఆ మనిషి ఫ్యాక్టరీలోనే లేడు, అంబులెన్సులో తీసుకెళ్లిపోయారు. కంప్యూటర్ పేరు చూస్తే షిఫ్ట్ ఇన్‌చార్జి గదిది. గేటు దగ్గరికి నడిచి వెళ్లి సెక్యూరిటీ వాళ్ల రిజిస్టరు అడిగాను. అంబులెన్సు బయటికి వెళ్లింది మూడూ ఐదుకి అని పెన్నుతో రాసి ఉంది. ఆ పేజీ ఫోటో తీసుకుని వచ్చాను.

మర్నాడు సెలవు పెట్టి విజయవాడ ఆస్పత్రికి వెళ్లాను. కోటేశ్వరరావుకు నలభై ఏళ్లుంటాయి. గరికపాడు మనిషి. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. వాళ్లావిడ స్టూలు తెచ్చి వేసింది. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంటే రోలరు సంగతి, బెల్టు కదిలిన సంగతి వివరంగా చెప్పాడు. పర్మిట్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

“అవును అనే నొక్కాననుకుంటున్నా మేడం. వచ్చిన ప్రతివాళ్లూ కాదు నొక్కావంటున్నారు. కాయితం కూడా చూపించారు. ఇరవయ్యేళ్లబట్టీ ఈ పని చేస్తున్నా, ఏమో, ఆ రోజు ఏం నొక్కానో నాకే తెలీట్లేదిప్పుడు.”

“మీరు అవును అనే నొక్కారు,” అన్నాను. “నేను చూశాను.”

అతను ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్లావిడ మాత్రం, ఆ మాట కాయితం మీద రాసిస్తారా అండీ అని అడిగింది. రాసిస్తానన్నాను.

నేను ఆస్పత్రికి వెళ్లిన సంగతి నాకంటే ముందే ఫ్యాక్టరీకి చేరింది. బుధవారం యూనిట్ హెడ్ పిలిచారు. ఫ్యాక్టరీ మొత్తానికి పెద్ద ఆయనే. కాఫీ తెప్పించారు. నా పనితనాన్ని మెచ్చుకున్నారు. ఆ షిఫ్ట్ ఇన్‌చార్జి మంచివాడనీ, ఎలక్ట్రీషియన్ వేరే చోట ఉండటంతో పని ఆగకూడదని అనుమతి ఇచ్చేశాడనీ, తర్వాత కంగారులో ఏదో చేశాడనీ చెప్పారు. అంటే ఆయనకు అంతా తెలుసు. అప్పుడు అసలు విషయం అడిగారు. ఆ చరిత్ర పట్టిక చాలా పెద్దదైపోయిందట కదా, పాత వరుసలు తీసేసి శుభ్రం చేస్తే బాగుంటుందేమో అని.

“ఆ పని చెయ్యనండి,” అన్నాను.

“మీరు చెయ్యొద్దులెండి. పాస్‌వర్డ్ ఇవ్వండి, ఇంకొకళ్లతో చేయిస్తా.”

“అదీ ఇవ్వను. తీసేయమని మీరు సంతకం పెట్టి కాయితం ఇవ్వండి. దాన్ని హైదరాబాదు ఇంటర్నల్ ఆడిట్‌కి పంపిస్తా. వాళ్లు ఊఁ అంటే అప్పుడు చూద్దాం.”

ఆయన నా రిటైర్మెంటుకు ఎంత కాలం ఉందని అడిగారు. రెండేళ్ల నాలుగు నెలలు అని చెప్పాను. ఇలాంటి సమయంలో గొడవలెందుకమ్మా అన్నారు. గొడవ నేను తేలేదని చెప్పి లేచాను. కాఫీ తాగలేదు. ఆ సాయంత్రమే జరిగిందంతా ఒక నోటుగా రాసి, ఆ వరుస, గేటు రిజిస్టరు ఫోటో జతచేసి ఆడిట్‌కి పంపాను. ఒక ప్రతి కోటేశ్వరరావు ఇంటికి రిజిస్టర్డ్ పోస్టులో వేశాను. కంపెనీ కాగితం బయటికి పంపినందుకు మూడో రోజే నాకు మెమో వచ్చింది. దాచలేదు, పంపాను, మళ్లీ పంపమన్నా పంపుతాను అని జవాబు రాశాను.

ఆడిట్ వాళ్ల పట్టుదల మీద విచారణకు బయటి మనిషిని, విజయవాడలో ప్రాక్టీసు మానేసిన ఒక పెద్ద లాయరును పెట్టారు. గెస్ట్‌హౌస్‌లో కూర్చున్నాం. కోటేశ్వరరావు కట్టుతో వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. లాయరుగారు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. రెండూ సరైనవే.

మొదటిది: వేరేవాళ్లు ఆయన లాగిన్‌తో ఎలా వెళ్లగలిగారు? ఇక్కడ నా తప్పుంది. మొదట ఇచ్చేటప్పుడు అందరి పాస్‌వర్డూ వాళ్ల ఉద్యోగి నంబరే పెట్టాను. మార్చుకోమని చెప్పానే కానీ, మార్చుకుంటే తప్ప లోపలికి వెళ్లలేని ఏర్పాటు చేయలేదు. నంబరు ప్రతివాళ్ల జేబు మీద బ్యాడ్జిలో ఉంటుంది. ఆ తప్పు నాదేనని ఒప్పుకుని, అలాగే రాసుకోమన్నాను.

రెండోది: చరిత్ర పట్టికలోకి వెళ్లగలిగేది మీరొక్కరే. ఆ వరుస మీరే రాయలేదని నమ్మకమేమిటి?

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రోజూ సాయంత్రం ఆరింటికి మొత్తం రికార్డులు ఒక టేపు మీదికి కాపీ అవుతాయి. ఫ్యాక్టరీ కాలిపోయినా రికార్డులు మిగలాలని, ఆ టేపును సీలువేసి తపాలా వ్యానులో నందిగామలోని మా డిస్పాచ్ ఆఫీసుకు పంపేవాళ్లం. అక్కడి గుమస్తా సంతకం పెట్టి ఇనప బీరువాలో పెడతాడు. ఆ బీరువా తాళం నా దగ్గర ఉండదు. ప్రమాదం జరిగిన మంగళవారం టేపు తెప్పించమన్నాను. ఛార్జిషీటు వచ్చిందీ, నేను పట్టిక తెరిచిందీ ఆ తర్వాతి సోమవారం. నేనే రాసి ఉంటే మంగళవారం టేపులో ఆ వరుస ఉండకూడదు.

జీపు నందిగామ వెళ్లి వచ్చేదాకా అందరం అక్కడే కూర్చున్నాం. ఆడిట్ విభాగం ఇంజనీరు టేపు సీలు అందరికీ చూపించి కత్తిరించి, తను తెచ్చుకున్న కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. నన్ను కీబోర్డు ముట్టుకోనివ్వలేదు. అదే మంచిదన్నాను. ఆ వరుస ఉంది. నాలుగూ యాభై, అవును, కాదు, ఇన్‌చార్జి గది.

షిఫ్ట్ ఇన్‌చార్జి తల వంచుకుని, “ఉద్యోగం పోతుందని భయపడ్డానండి,” అన్నాడు.

“నాదీ ఉద్యోగమే కదండీ,” అన్నాడు కోటేశ్వరరావు. ఆ విచారణలో అతను పలికింది ఆ ఒక్క మాటే.

అతని మీద ఛార్జిషీటు రద్దయింది. టూల్ రూములో కూర్చుని చేసే పని ఇచ్చారు. షిఫ్ట్ ఇన్‌చార్జిని సస్పెండ్ చేశారు. యూనిట్ హెడ్‌కు ఏమీ కాలేదు, ఆయన కాగితం మీద ఏమీ అడగలేదు కనక. మరో రెండు నెలలకు నన్ను సున్నపురాయి గని దగ్గరి స్టోర్సుకు మార్చారు. జీతం అదే, పని బోల్టుల లెక్క. రాజీనామా చేస్తానని ఎదురుచూశారు. చేయలేదు. రిటైరయ్యే రోజుదాకా ఆ రేకుల షెడ్డుకే సమయానికి వెళ్లాను.

సిస్టమ్స్ నుంచి వెళ్లేముందు బాధ్యతల అప్పగింత నోటులో ఒక పేరా రాశాను. చరిత్ర పట్టికలో వరుసలు తీసేసే అధికారం ఫ్యాక్టరీలో ఎవరికీ ఉండకూడదని, నా కుర్చీలో కూర్చునేవాళ్లకు కూడా ఉండకూడదని. ఆ పేరా తీసేయమని యూనిట్ హెడ్ గది నుంచి ఫోను వచ్చింది. సంతకం పెట్టిన కాగితంలో తీసివేతలు ఉండవనీ, కావాలంటే కింద మీ అభ్యంతరం మీ పేరుతో రాసుకోండనీ చెప్పాను. ఎవరూ రాయలేదు.

రికార్డు మార్చకూడదని నేనెప్పుడూ అనలేదు. మనుషులు రాసేవాటిలో తప్పులుంటాయి, దిద్దాలి. దిద్దినవాడి పేరూ, దిద్దకముందున్న మాటా కూడా మిగలాలి. అది మిగిలిందా లేదా అన్నది ప్రోగ్రాము చేతిలో ఉండదు, తీసేయమన్నప్పుడు తీయనని చెప్పేవాళ్ల చేతిలో ఉంటుంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. నాకు శిక్షణలో ఇచ్చిన పుస్తకాల్లో ఇది ఎక్కడా లేదు.